శిఖరం మీద గెజిటెడ్ సంతకం

ఆ ఏడాది రాష్ట్రానికి కొండలెక్కే జబ్బు పట్టుకుంది. ఎక్కడి కుర్రాడో హిమాలయాల్లో చంద్రకూటం అనే శిఖరమెక్కి జెండా పట్టుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో పేపర్లో పడింది. పడ్డాక చూసి సంతోషించి ఊరుకుంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? నెల తిరక్కుండా సాహస పర్వతారోహణ ప్రోత్సాహక శాఖ అని కొత్తగా ఒకటి వెలిసింది. దానికో కమిషనరు, ఆయనకో కారు, కారు తలుపు తియ్యడానికో మనిషి, ఆ మనిషి సెలవు పెడితే తియ్యడానికి ఇంకో మనిషి ఏర్పాటయ్యారు. మిగతా సిబ్బందిని ఏ శాఖలో ఎవరు బరువనిపిస్తే వాళ్ళని పట్టుకొచ్చి నింపారు.

కుడుపూడి గంగరాజు అలా చేపల శాఖ నుంచి వచ్చిపడ్డాడు. సహాయ సంచాలకుడు, గెజిటెడ్ హోదా, ఆకుపచ్చ సిరాతో సంతకం. సొంతూరు అమలాపురం పక్కన. ఆ ప్రాంతంలో చెరువు గట్టు కన్నా ఎత్తయినది ఏదైనా ఉందంటే అది కొబ్బరిచెట్టే, దాన్నెక్కే పని గంగరాజుది కాదు. అన్నవరం వెళ్ళినా మెట్లదారికి కింద నుంచే దణ్ణం పెట్టి బస్సెక్కేవాడు. చేప గురించి అడిగితే గుడ్డు దగ్గర్నుంచి పులుసు దాకా చెప్పేవాడు గానీ, కొండ గురించి ఆయనకి తెలిసినదల్లా అది దూరంగా ఉంటే బావుంటుందనే.

చంద్రకూటం ఎక్కినవాడికి శిఖరవీర బిరుదు, ఉద్యోగాల్లో ప్రాధాన్యం అని శాఖ ప్రకటించింది. అంతే, వీరులు బయల్దేరారు. దరఖాస్తులు గోనెసంచుల్లో వచ్చాయి. ప్రతి దరఖాస్తుకీ ఫొటో ఉంది, ప్రతి ఫొటోలోనూ మంచు ఉంది. ఒక వీరుడి వెనక మంచుకొండ మీదుగా సీలింగు ఫ్యాను రెక్క కనిపిస్తోంది. ఇంకో వీరుడు రబ్బరు చెప్పులతో ఎక్కేశాడు. మూడోవాడి శిఖరం మీద కోడి ఉంది.

కమిషనరు విరూపాక్షం గారి మనసు గాయపడింది. ఆయన సంతకం మీద నమ్మకంతో పెరిగిన మనిషి. వెంటనే సమావేశం పెట్టారు.

"నా పదోతరగతి సర్టిఫికెట్టు జిరాక్సునే గెజిటెడ్ సంతకం లేకుండా ఈ ప్రభుత్వం నమ్మలేదు. అంత పెద్ద కొండని నోటిమాట మీద ఎలా నమ్ముతామండీ? ఇకమీదట శిఖరారోహణను, ఆరోహణ జరిగిన స్థలంలో, ఆరోహణ జరిగిన సమయంలో, గెజిటెడ్ అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించవలెను."

ఆయన మామూలుగా మొదలుపెట్టినా వాక్యం చివరికొచ్చేసరికి జీవో అయిపోయేది. అది ఆయనకి దేవుడిచ్చిన వరం.

సూపరింటెండెంటు త్రిమూర్తులు లేచి చంద్రకూటం చరిత్ర చదివాడు. మొదట దొరలొచ్చారు. ఉన్నికోట్లు, టైలు కట్టుకుని, టీ కెటిలు కూలీల నెత్తిన పెట్టి ఎక్కారు. ఇద్దరు దొరలు శిఖరం దాకా వెళ్తూ మబ్బులో కనిపించారు, ఆ తర్వాత కనిపించలేదు. వాళ్ళు ఎక్కి పోయారా, ఎక్కకుండానే పోయారా అన్నది ఇప్పటికీ తేలలేదు. కొన్నేళ్ళకి ఇంకో జట్టు వెళ్ళింది. వాళ్ళు ఎక్కారు, దిగారు, దిగి ఎక్కామని చెప్పారు.

"ఎక్కినట్టు ఎవరు ధ్రువీకరించారు?" అని అడిగారు విరూపాక్షం గారు.

"వాళ్ళకి వాళ్ళేనండి."

"చెల్లదు."

ఆ విధంగా చంద్రకూటాన్ని మానవమాత్రుడెవడూ ఇంతవరకూ ఎక్కలేదని ఆ మధ్యాహ్నం శాఖ తీర్మానించింది. ఎక్కినవాళ్ళలో బతికున్నవాళ్ళు విని ఉంటే ఏమనుకునేవాళ్ళో గానీ, వాళ్ళనెవరూ పిలవలేదు.

త్రిమూర్తులు గొంతు సవరించుకుని ప్రమాదాల అధ్యాయానికొచ్చాడు. పైకెళ్తూ పోయినవాళ్ళ కన్నా దిగుతూ పోయినవాళ్ళే ఎక్కువని చదివాడు. ఎక్కేటప్పుడు ఆశ మోసుకెళ్తుందట. దిగేటప్పుడు ఒంట్లో ఏమీ మిగలదట.

విరూపాక్షం గారు చెయ్యెత్తి ఆపారు. "దిగడం మన పరిధిలోకి రాదు. మనది ఆరోహణ శాఖ."

ప్రమాదాల మీద మాత్రం సర్క్యులరు వెళ్ళింది. మంచుచరియలు విరిగిపడు చోట సిబ్బంది పై అధికారి అనుమతితో మాత్రమే నడవవలెనని, గాలి పలుచబడిన చోట పొదుపుగా పీల్చవలెనని, మంచుకాటుకు వేళ్ళు పోయిన ఉద్యోగులు మిగిలినవాటిలో ఏదేని ఒక వేలితో హాజరు వేయవచ్చునని అందులో ఉంది. చివరి అంశాన్ని ఉద్యోగ సంఘం తన విజయంగా చెప్పుకుంది.

ఇక శిఖరం మీదికి ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న గదిలోకి రాగానే అధికారులందరికీ రోగాలొచ్చాయి. ఒకాయనకి కూర్చున్నచోటే బీపీ పెరిగింది. ఇంకొకాయన మోకాలు పట్టుకున్నాడు. ఒకావిడకి కళ్ళు తిరిగాయి. గంగరాజు ఆ సమయానికి సమోసాలు రాలేదేమా అని చూడ్డానికి బయటికెళ్ళాడు. ప్లేటు పట్టుకుని లోపలికొచ్చేసరికి అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"గంగరాజు గారూ, మీకు బీపీ ఉందా?" అని అడిగారు విరూపాక్షం గారు.

"లేదండి."

"షుగరు?"

"దేవుడి దయవల్ల లేదండి."

"మోకాళ్ళు?"

"రెండూ ఉన్నాయండి."

"అయితే శిఖరం మీరు చూసుకోండి."

"ఆయ్," అన్నాడు గంగరాజు. కోనసీమ మనిషి నోట్లోంచి పెద్దవాళ్ళ ముందు ఆ మాట తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది. దేనికి ఆయ్ అన్నాడో సమోసా తిన్నాక తెలిసింది.

ఇంట్లో ఆయన భార్య వరాలు ముందు నమ్మలేదు. ఆర్డరు చూపించాడు.

"కొండ నెత్తిన ఆఫీసేంటండీ? అక్కడికి ఎవరొస్తారు?"

"పబ్లిక్కొస్తారట."

"మీరు తిరిగెప్పుడొస్తారు?"

"నా బదులు ఇంకో ఆఫీసరొచ్చి ఛార్జి తీసుకోగానే వచ్చెయ్యడవే."

వరాలు ముఖం పాలిపోయింది. ఆవిడ ప్రభుత్వోద్యోగిని కట్టుకుని జుట్టు నెరిసిన మనిషి. బదులొచ్చే ఆఫీసరు ఎప్పుడొస్తాడో ఆవిడకి బాగా తెలుసు. చేపల శాఖలో ఉండగా ఒక మారుమూల చెరువు దగ్గర ఛార్జి తీసుకునేవాడు లేక గంగరాజు రెండు వర్షాకాలాలు ఇరుక్కుపోయాడు. అది నేల మీద, గాలి ఆడేచోట.

"మిమ్మల్ని నూతిలో దూకమంటే తువ్వాలేదే అని నన్నడుగుతారు మీరు!" అని తిట్టింది. తిడుతూనే జంతికలు వండింది. ఆవకాయ సీసా మూత బిగిస్తూ బిగిస్తూ ఏడ్చేసింది. గంగరాజు తనకీ చావాలని లేదని, కాకపోతే చావనని పైవాళ్ళకి ఎలా రాయాలో తెలియడం లేదని చెబుదామనుకున్నాడు. చెప్పలేక ఉన్ని టోపీ పెట్టుకుని చూపించాడు.

కొండ కింద శిబిరంలో త్రిమూర్తులు వైర్‌లెస్ సెట్టు ముందు రజాయి కప్పుకుని స్థిరపడ్డాడు. ఆయన పని కమిషనరు గారి మాటల్ని పైకి, గంగరాజు మాటల్ని కిందికి పంపడం. గంగరాజుకి తోడుగా దావా అనే షెర్పాని ఇచ్చారు. దావా చాలా ఏళ్ళుగా తెలుగు జట్లని ఎక్కించి ఎక్కించి భాష పట్టేశాడు. తిట్లు ముందు నేర్చుకున్నాడు, మిగతాది తర్వాత వచ్చింది.

గంగరాజు ఎలా ఎక్కాడంటే ఆయనకే తెలీదు. ప్రభుత్వంలో ఫైలు కదిలినట్టే కదిలాడు. ముందు నుంచి ఇద్దరు లాగారు, వెనక నుంచి ఇద్దరు తోశారు. మంచు నేల నిలువునా చీలిపోయి అడుగు కనబడని చోట అల్యూమినియం నిచ్చెన అడ్డంగా పడేసి, దాని మీద నడవమన్నారు. కళ్ళు మూసుకుని నడుస్తానన్నాడు. తెరుచుకునే నడవాలన్నాడు దావా. పైకి పోయేకొద్దీ గాలి పీలుస్తున్నా లోపలికి చేరడం మానేసింది. జంతిక నమలడానికి కూడా ఊపిరి చాలక నోట్లో పెట్టుకుని నానబెట్టాడు. ఆవకాయ రాయైపోయింది. అన్నీ పోగా ఒంట్లో భయం ఒక్కటే ఆరోగ్యంగా ఉంది.

శిఖరానికి కొంచెం కిందుగా, ఒక బండ వారన, ఎవరో కాళ్ళు చాపుకుని కూర్చుని కనిపించారు. ఎర్ర కోటు, తలకి టోపీ. గంగరాజుకి ప్రాణం లేచొచ్చింది. "నమస్కారమండి," అని పలకరించాడు. ఆయన పలకలేదు.

"పలకడు," అన్నాడు దావా. "చాలా ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నాడు. మేం ఆఫీసర్ సాబ్ అంటాం. ఈయన వచ్చాడంటే శిఖరం దగ్గరికొచ్చినట్టే."

గంగరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరని అడిగాడు. దావా ఆయాసపడుతూ చెప్పాడు. ఏదో రాష్ట్రంలో ఏదో బోర్డు. దాని స్వర్ణోత్సవాలకి బ్యానరు పట్టుకుని ఫొటో దిగడానికి ఈయన్ని పంపారు. ఎక్కాడు, దిగాడు, సగం దూరం వచ్చేశాడు. అంతలో కింద నుంచి కబురు. ఫొటోలో బ్యానరు తలకిందులుగా ఉంది, మళ్ళీ ఎక్కి తీయించుకు రమ్మని. సరేనని వెనక్కి తిరిగాడు. షెర్పాలు వద్దని బతిమాలినా వినలేదు. ఫొటో బాగానే వచ్చింది. దిగుతూ ఇక్కడ ఒక్క నిమిషం కూర్చుంటానన్నాడు.

"మరి కిందికి దింపలేదా?"

"బతికున్నవాణ్ణి దింపడానికే ఇక్కడ బలం చాలదు సార్."

ఆయన కోటు జేబులోంచి ఆకుపచ్చ మూత ఉన్న పెన్ను బయటికి కనిపిస్తోంది. ఆ పెన్ను చూశాక గంగరాజుకి ఆయన ఎవరో పరాయివాడనిపించలేదు. చేతులు జోడించి ముందుకు కదిలాడు.

శిఖరం రెండు నులకమంచాలు వేసేంత ఉంది. చుట్టూ ఆకాశం తప్ప ఏమీ లేదు. దావా, కూలీలు కలిసి బోర్డు పాతారు. సహాయ సంచాలకుల వారి కార్యాలయం, శిఖర విభాగం. పనివేళలు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు. దావా అది చదివించుకుని చాలాసేపు గంగరాజు వంక చూశాడు. ఇక్కడ ఎవరైనా కాసేపు నిలబడి ఫొటో దిగి పారిపోతారని, ఈ ఎత్తులో మనిషి శరీరం నిలబడినచోటే కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటుందని చెప్పాడు. గంగరాజు ఆ సంగతి వైర్‌లెస్‌లో కిందికి చెప్పాడు.

"సార్ మీ ఇబ్బందిని సానుభూతితో పరిశీలించారు," అంది త్రిమూర్తులు గొంతు. "లంచ్ అవర్ మంజూరు చేశారు."

మడత టేబులు విప్పీ విప్పగానే గాలి ఎత్తుకుపోయింది. అది గాల్లో రెండు పల్టీలు కొట్టి పొరుగుదేశంలో పడింది. ప్రభుత్వ ఆస్తి అనుమతి లేకుండా సరిహద్దు ఎందుకు దాటిందో సంజాయిషీ ఇవ్వమని వెంటనే కబురొచ్చింది.

అప్పటికే కింద గట్టు పొడుగునా ఎక్కినవాళ్ళు వరస కట్టారు. ఇదివరకు శిఖరం తాకి వెంటనే దిగిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆఫీసుంది కాబట్టి లైనుంది. గట్టు వెడల్పు చీరపన్నా అంత కూడా లేదు. ఆ పక్క జారితే ఒక దేశం, ఈ పక్క జారితే ఇంకో దేశం. లైనులో అందరికన్నా ముందు పాడేరు నుంచి వచ్చిన పాంగి చిలకమ్మ అనే అమ్మాయి ఉంది.

"నేను పోయినేడే ఎక్కినాను సార్," అంది. "గెజిటెడ్ సంతకం లేదని కొట్టేసినారు. అందుకని మళ్ళీ ఎక్కినాను."

గంగరాజుకి సిగ్గేసింది. "రెండు ఫొటోలు, గుర్తింపు కార్డు..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు. పెన్ను తీశాడు. సిరా గడ్డకట్టింది. చిలకమ్మ ఆ పెన్ను తీసుకుని చంకలో పెట్టుకుని కరిగించి ఇచ్చింది. ఆయన సంతకం పెడుతుంటే వైర్‌లెస్ పలికింది.

"గంగరాజు గారూ, ఒంటిగంటయింది. లంచ్ అవర్‌లో పబ్లిక్‌ని అటెండవకూడదని సార్ గుర్తుచేస్తున్నారు. లైనులో వెయిట్ చెయ్యమనండి."

గంగరాజు లైను వంక చూశాడు. ఒకడు నిలబడే తూలుతున్నాడు. ఒకావిడ ఆక్సిజన్ సిలిండరు ముల్లు చూసుకుని ఏడుస్తోంది. వాళ్ళనెవరినీ కొండ ఆపలేదు. ఆపింది తన ఆఫీసే. వైర్‌లెస్ నోరు నొక్కి జేబులో పెట్టాడు. కాగితం ఎక్కడిదని చూడకుండా, పేరు కూడా చదవకుండా, ఎవడు ఏది చాపితే దాని మీద సంతకం గీకేశాడు. ఒకడు చేతిగుడ్డ చాపితే దాని మీదే పెట్టాడు. "దిగండి బాబూ, దిగండి, మీకు పుణ్యముంటుంది," అని ఒక్కొక్కరినీ తరిమాడు.

లైను కరిగిపోయింది, కూలీలూ దానితోపాటే దిగిపోయారు. పడమటి వైపు మబ్బు లేచింది.

"సార్, మనం కూడా," అన్నాడు దావా. "ఇప్పుడు కదిలితే బతుకుతాం. కాసేపాగితే నేను బతుకుతాను. ఇంకాసేపాగితే నేనూ బతకను. నేను ఆగను."

గంగరాజు వైర్‌లెస్ తీసి, తుఫానొస్తోంది, దిగడానికి అనుమతి ఇప్పించమని వేడుకున్నాడు. కింద నుంచి రాజధానికి, రాజధాని నుంచి కిందికి, అక్కడి నుంచి పైకి జవాబు వచ్చేసరికి మబ్బు దగ్గరికొచ్చింది.

"సార్‌కి మీరు దిగడం మీద అభ్యంతరం లేదండి. ఛార్జి ఎవరికి అప్పగిస్తున్నారో చెప్పమన్నారు."

"ఇక్కడెవరున్నారండీ త్రిమూర్తులు గారూ! నేనూ, దావా."

"దావా గెజిటెడా?"

"కాదండి."

"అయితే కుదరదండి. సమాన హోదా ఉన్న అధికారి వచ్చి ఛార్జి తీసుకునే దాకా పోస్టు వదలకూడదు. ఎవరినో ఒకరిని పంపుతారట. ప్రస్తుతం అందరూ మెడికల్ లీవులో ఉన్నారు."

గంగరాజు మంచులో కూలబడ్డాడు. దావా తాడు లాగుతున్నాడు, లేవమంటున్నాడు. కాళ్ళు లేస్తామంటున్నాయి. సర్వీసు మొత్తం మీద పడి కూర్చోబెడుతోంది. ఛార్జి ఇవ్వకుండా కదలడమన్నది ఆయన ఊహకే అందలేదు. పెళ్ళినాడు కూడా పక్క సెక్షనాయనకి తాళాలిచ్చి పీటల మీద కూర్చున్న మనిషి. వరాలు గుర్తొచ్చింది. ఆవకాయ సీసా గుర్తొచ్చింది. కన్నీళ్ళొస్తే అవీ గడ్డకట్టి రెప్పలంటుకుపోయాయి. రెప్పలు విడదీసుకుని కిందికి చూస్తే బండ వారన ఎర్ర కోటు కనిపించింది.

లేచాడు. తాడు పట్టుకుని ఆయన దాకా దిగాడు. రబ్బరు స్టాంపు తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు. జారిపోకుండా బిగుసుకున్న చేతి కింద సర్దాడు.

"బాబుగారూ, తప్పయితే క్షమించండి," అన్నాడు. "మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. మీ ఆవిడా చూసే ఉంటారు."

తర్వాత వైర్‌లెస్ నొక్కాడు. "ఇక్కడొక గెజిటెడ్ ఆఫీసరు గారున్నారండి. ఆయనకి ఛార్జి ఇచ్చేశాను."

"అలాగా! అభ్యంతరమేమైనా చెప్పారా?"

"లేదండి."

"సంతకం పెట్టారా?"

"చెయ్యి బిగుసుకుపోయిందండి."

"మనిషెలాంటివారు?"

"చాలా నెమ్మదస్తులండి."

కొంచెంసేపు బరబర శబ్దం. తర్వాత త్రిమూర్తులు, కమిషనరు గారి గొంతు పెట్టి చదివాడు. "సదరు అధికారి అభ్యంతరం తెలుపనందున సమ్మతించినట్లు భావించి, శ్రీ గంగరాజును తక్షణం విడుదల చేయడమైనది."

గంగరాజు దిగాడు. ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు, ఒక కాలివేలు కొండకిచ్చి ప్రాణం తెచ్చుకున్నాడు. వరాలు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా అలాగే కూర్చుంది.

ఆరోగ్యం చిక్కాక ఆయన జరిగింది జరిగినట్టు నివేదిక రాశాడు. తాను ఛార్జి ఇచ్చినాయన చనిపోయి చాలా ఏళ్ళయిందని కూడా స్పష్టంగా రాశాడు. దాని మీద శాఖ అభిప్రాయం వారం తిరక్కుండా వచ్చింది. మరణించిన విషయం సదరు అధికారి ద్వారా సరైన మార్గంలో తెలియపరచబడలేదు కనుక పరిగణనలోకి తీసుకొనబడదు. శిఖరవీరుల దరఖాస్తుల్లో ఆ రోజు సంతకం పడినవన్నీ మంజూరయ్యాయి. చిలకమ్మకి ఉద్యోగమొచ్చింది. చేతిగుడ్డ మీద సంతకం ఒక్కటే అభ్యంతరంలో పడింది, రెండో ప్రతి జతచేయలేదని.

సంవత్సరాంతపు సమీక్ష జరిగింది. విరూపాక్షం గారు ఉత్సాహంగా ఉన్నారు.

"మన శిఖర విభాగాన్ని చూసి నేర్చుకోండి! ఛార్జి తీసుకున్న నాటి నుంచి ఆ అధికారి ఒక్క సెలవు పెట్టలేదు. బదిలీ అడగలేదు. ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. సీటు వదిలి అటూ ఇటూ కదిలినట్టు సమాచారం లేదు. ఈ ఏటి ఉత్తమ అధికారిగా వారిని ఎంపిక చేయడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. గంగరాజు వేళ్ళ కొసలు పోయిన చెయ్యితో కొట్టలేక ఊరుకున్నాడు.

"అయితే," అన్నారు విరూపాక్షం గారు, "అంత ప్రతికూల వాతావరణంలో ఒకే అధికారిని ఎక్కువకాలం ఉంచడం మానవత్వం కాదు. వారిని విడుదల చేయవలసి ఉంది. ఎవరైనా వెళ్ళి ఛార్జి తీసుకోవాలి. గంగరాజు గారూ, శాఖలో అనుభవమున్నది మీకొక్కరికే. సీజను మొదలవుతోంది, బయల్దేరండి."

గంగరాజు లేచి నిలబడ్డాడు. అందరూ ఆయన నోటి వంక చూశారు. త్రిమూర్తులైతే ఆయ్ అని ముందే రాసేసుకుని చుక్క పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

"నేను వెళ్ళనండి," అన్నాడు గంగరాజు.

గదిలో ఎవరూ ఆ మాట రోగం పేరు జతచేయకుండా ఎప్పుడూ వినలేదు. విరూపాక్షం గారికి కోపం రావడానికి కూడా కొంచెం సమయం పట్టింది.

"వెళ్ళనంటే? కారణం చెప్పవలెను కదా! బీపీ వచ్చిందా?"

"లేదండి. ఆరోగ్యంగానే ఉన్నాను," అన్నాడు గంగరాజు. "మీరు ఉత్తమ అధికారి అన్నారు చూడండి, ఆయన్ని కూడా ఒకసారి ఎక్కి దిగాక మళ్ళీ ఎక్కమన్నారండి. ఆయన కాదనలేదు. అందుకే ఇంకా అక్కడే ఉన్నారు."

విరూపాక్షం గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"రాసుకోండి త్రిమూర్తులూ. శ్రీ గంగరాజు ప్రతిపాదనకు సానుకూలంగా స్పందించారు."

త్రిమూర్తులు రాసుకున్నాడు. అది చదివి వినిపించి సంతకం పెట్టించుకుందామని తలెత్తేసరికి గంగరాజు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన అప్పటికే కింద రోడ్డు మీద, అమలాపురం బస్సు కోసం నిలబడి ఉన్నాడు.